ఊరుమ్మడి నష్టం

ఆ రోజుల్లో ప్రభుత్వం కాగితం పట్టుకుని వచ్చిన మనిషికి చెప్పడానికి ప్రతి ఇంట్లోనూ రెండు జవాబులు సిద్ధంగా ఉండేవి. వచ్చినవాళ్ళు ఇచ్చేవాళ్ళయితే ఒకటి, తీసుకునేవాళ్ళయితే ఇంకొకటి. ఎవరో తేలకపోతే మంచినీళ్ళిచ్చి, మంచం వాల్చి, ఊరూ పేరూ అడుగుతూ ముందు ఆ సంగతి వచ్చినవాళ్ళ నోటి నుంచే రాబట్టేవాళ్ళు. ఈ మర్మం తెలియకుండానే నేను ఇరవై రెండేళ్ళ నాలుగు నెలల వయసులో ఉద్యోగంలో చేరాను. (ఏ సంవత్సరమో చెప్పను. చెబితే నా వయసు కూడుకుంటారు. మిగతా అంకెలన్నీ చెబుతాను, సరిచూసుకోండి.) మా నాన్న చిలకలూరిపేటలో ఒక పత్తి మిల్లులో గుమాస్తా. ఇంటికి చుట్టాలొస్తే వాకిట్లోనే "పెద్దలు ముగ్గురు, పిల్లలిద్దరు, వెరసి ఐదు" అని లెక్క తేల్చుకుని గాని లోపలికి రమ్మనేవాడు కాదు. ఆయన కూతుర్ని నేను. కూడిక సరిపోతే లోకమంతా సరిగ్గా ఉన్నట్టే అనుకునేదాన్ని.

ఉద్యోగం తాత్కాలికం, నాలుగు నెలలు. దర్శి దగ్గర బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడిస్తే వచ్చే ఒక చిన్న ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి ఎంతమంది ఉన్నారో, ఏడాదికి ఎంత సంపాదిస్తున్నారో రాయాలి. ఆ లెక్క ప్రకారం ఆదాయం తక్కువున్న ఇంటి నుంచి మొదలుపెట్టి వరసగా ముప్పై ఎనిమిది ఇళ్ళకి మూడేసి సెంట్ల ఇంటి స్థలం ఇస్తారు. ఏడాదికి ఐదువేలు దాటితే ఆ ఇంటి పేరు కొట్టేస్తారు. నా పైఅధికారికి ఆఫీసులో అందరూ పెట్టుకున్న పేరు సుమారుగారు. ఆయన నోట ఏ అంకె వచ్చినా దానికి ముందు "సుమారు" అనే మాట వచ్చేది. ఒకసారి పిల్లలెంతమందని ఎవరో అడిగితే "సుమారు నలుగురండీ" అన్నారట. మొదటి రోజే ఆయన నాతో, "చూడమ్మా, ఇదేమంత కష్టం కాదు. అరుగు మీద కూర్చుని నలుగుర్ని అడిగి, సుమారుగా రాసుకొచ్చెయ్" అన్నారు. నేను ఆయన వైపు, దేవుడి గదిలోకి చెప్పులతో వచ్చినవాణ్ణి చూసినట్టు చూశాను. (ఇప్పుడు తలుచుకుంటే ఆ చూపుకి ఆయన నవ్వకుండా ఉన్నందుకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.)

ఏప్రిల్ రెండో తేదీ, సోమవారం, ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకి ఊళ్ళో అడుగుపెట్టాను. మొత్తం తొంభై ఆరు ఇళ్ళు. జనాభా మొదటిసారి కూడితే నాలుగొందల ఇరవై ఒకటి వచ్చింది. వీధిలో మనుషుల్ని చూస్తే అంతమంది ఉన్నట్టు తోచలేదు. రెండోసారి పేర్లు సరిచూస్తే బయటపడింది. ఆ ఊళ్ళో ముసలి తల్లులు కొడుకుల ఇళ్ళలో నెలకొకచోట వంతున తింటారు. ఏదో ఇస్తారని వినగానే మా అమ్మ మా ఇంట్లోనేనని పెద్దకొడుకూ రాయించాడు, చిన్నకొడుకూ రాయించాడు. తల్లి మీద అంత పోటీ ఆ ఊళ్ళో అంతకు ముందెప్పుడూ లేదని ఒక ముసలమ్మే నాకు చెప్పింది. "ఈ రాసుకోడాలయిపోయినాక ఇద్దరూ నన్ను వీధిలోనే మర్చిపోతారులేమ్మా, ఇప్పుడు మాత్రం రెండుచోట్లా ఉండనీ" అంది. నేను ఉండనిచ్చానా? "ఈ పూట ఎక్కడ తిన్నావు?" అని అడిగి, పద్నాలుగు మంది ముసలమ్మల్ని ఒక్కొక్క ఇంటికి సర్ది, నాలుగొందల ఏడు అని తేల్చి, కింద రెండు గీతలు గీశాను.

జనాభా వరకూ బాగానే ఉంది. ఆదాయం దగ్గరికి వచ్చేసరికి అసలు కథ మొదలైంది. మొదటి నంబరు ఇల్లు కల్లం పెదనాన్నది. మిరపకాయలు ఆరబోసే కల్లాల్లో ఆయనదే ఊళ్ళోకెల్లా పెద్దది కాబట్టి ఊరు పెట్టిన పేరు అది. నేను పెదనాన్నా అనే పిలిచాను, ఆయన నన్ను అమ్మాయ్ అన్నాడు. ఇరవై రెండెకరాల ఆసామి. నాకు మజ్జిగిచ్చి, చుట్ట ముట్టించుకుని, లెక్క చెప్పడం మొదలుపెట్టాడు. ఎరువు, పురుగుమందు, కూలీలు, గోతాలు, కిరాయి. నేను రాశాను. ఎద్దుల మేత, జతకి రోజుకి ఎనిమిది రూపాయలు. రాశాను. గొడ్లచావిడి కప్పు తిరగెయ్యడం. రాశాను. సొంత కూలి, రోజుకి పదిహేను రూపాయల చొప్పున రెండొందల రోజులు.

"సొంత కూలి అంటే ఏంటి పెదనాన్నా?"

"నేను పొలానికి పోయి గట్టు మీద నిలబడతన్నానా లేదా? ఆ రోజుల్లో ఇంకో చోట కూలికి పోతే నాకు డబ్బులొచ్చేయా లేదా? అది పెట్టుబడి కాదంటావా?"

ఇరవై రెండెకరాల ఆసామి ఎవరింటికి కూలికి పోతాడో నాకు తోచలేదు గాని, చెప్పింది రాయడం నా పని. రాశాను. తరవాత చుట్టలు, ఏడాదికి నూట ఎనభై రూపాయలు.

"చుట్టలు కూడానా?"

"చుట్ట లేకపోతే కాపలా ఎట్టా కాసేది? నిద్ర రాదూ?"

"మరి రాబడి?"

"ఏం రాబడి? కాయలన్నీ ఇంట్లో గోతాల్లోనే ఉండె. అమ్మందే రాబడి ఎట్టా అవుద్ది అమ్మాయ్, నువ్వే చెప్పు, చదువుకున్నదానివి."

చదువుకున్నదాన్నన్న మాట దగ్గర నేను పడిపోయాను. ఆయన ఏడాది ఆదాయం ముప్పై ఒక్క వేల నాలుగొందల యాభై రూపాయల నష్టంగా తేలింది. "అయ్యో!" అన్నాను. ఆయన నా నెత్తిన చెయ్యి పెట్టి, "ఏం చేస్తాం, రైతు బతుకింతే" అని ఇంకో గ్లాసు మజ్జిగ పోయించాడు. ఆ గ్లాసు వెండిది. ఆ సంగతి రాయడానికి ఫారంలో గడి లేదు.

ఆయన లెక్క సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. మర్నాటి నుంచి ఏ రైతు అరుగెక్కినా సొంత కూలీ, ఎద్దుల మేతా నేను అడక్కముందే వచ్చేవి. ఒకాయన వాన కోసం చేయించిన పూజ రాయించాడు. వాన పడలేదు కాబట్టి అది ఖర్చేనన్నాడు. ఇంకొకాయన పొలానికి నడిచి అరిగిన చెప్పులు రాయించాడు, సాక్ష్యంగా చూపించాడు కూడా. అరవై ఒక్క రైతు ఇళ్ళకీ కలిపి రెండు లక్షల ఎనభై నాలుగు వేల మూడొందల పది రూపాయల నష్టం. భూమి లేని ఇళ్ళు ముప్పై ఐదు. వాళ్ళు పాపం ఖర్చులు తీసెయ్యడం తెలియనివాళ్ళు. పనిచేసిన రోజుల్లో సగం మింగేసి మిగతా సగం చెప్పారు.

అలా మింగకుండా చెప్పింది ఒకే ఒక్క మనిషి. ఊళ్ళో ఆమెని తొడిమలక్క అనేవాళ్ళు. ఎండుమిరపకాయలకి తొడిమలు తీయడంలో ఆమెకి సాటి లేదు. మొగుడు పోయాడు. ఆడబిడ్డా, తనూ కలిసి కల్లం పెదనాన్న కల్లం మూల ఒక తాటాకు గుడిసెలో ఉండేవాళ్ళు. నేను వెళ్ళేసరికి కాయల ఘాటుకి నాకు తుమ్ములు, ఆమెకి నవ్వు. "ఏడాదికి ఎన్ని రోజులు పనికి వెళ్ళావక్కా?" అంటే, "నోటితో చెబితే నమ్ముతావా, రా" అని గుడిసెలోకి తీసుకెళ్ళింది. మట్టిగోడ మీద బొగ్గుతో గీతలు. నాలుగు నిలువు, ఒకటి అడ్డం, ఐదేసి ఐదేసి. పోయినేడు మేస్త్రి మూడు రోజుల కూలి ఎగ్గొట్టినప్పటి నుంచి ఏ రోజుకారోజు గీస్తోందట. "ఇవి నాయి, అవి ఆడబిడ్డయి. మొత్తం నాయి రెండొందల డెబ్బయి ఒకటి, దానియి నూట తొంభై ఎనిమిది." నేను వేలుపెట్టి లెక్కపెట్టాను. ఒక్క గీత తేడా లేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. (ఘాటుకి అన్నాను.) మా నాన్న తరవాత నాకు కనబడిన, లెక్క తప్పని రెండో మనిషి ఆమె. నాలుగొందల అరవై తొమ్మిది రోజులు, రోజుకి పన్నెండు రూపాయలు, వెరసి ఐదువేల ఆరొందల ఇరవై ఎనిమిది. రెండు మేకపిల్లలమ్మితే వచ్చిన మూడొందల నలభై కలిపి, ఐదువేల తొమ్మిదొందల అరవై ఎనిమిది. ఆనందంగా రాసేశాను. ఐదువేలు దాటిందన్న సంగతి ఆ ఆనందంలో నాకు తట్టనే లేదు. ఇదీ నా తెలివి.

ఆఫీసుకొచ్చి ఊరు మొత్తం కూడాను. భూమి లేని ముప్పై ఐదు ఇళ్ళ ఆదాయం లక్షా మూడువేల ఆరొందలు. రైతుల నష్టంలోంచి అది తీసేస్తే, ఊరు నికరంగా లక్షా ఎనభై వేల ఏడొందల పది రూపాయల నష్టంలో ఉంది. నాలుగొందల ఏడుతో భాగిస్తే తలకి నాలుగొందల నలభై నాలుగు రూపాయల నష్టం, రెండు రూపాయలు శేషం. ఆ రెండు రూపాయలు ఎవరి తల మీద వెయ్యాలా అని మధ్యాహ్నమంతా ఆలోచించాను.

సుమారుగారు కాగితం చూసి కళ్ళజోడు తీశారు. "ఊరు ఊరంతా నష్టంలో ఉంటే మరి ఏం తిని బతుకుతున్నారమ్మా వీళ్ళు?"

"అది అడగడానికి ఫారంలో గడి లేదండీ."

"మైనస్‌కీ గడి లేదు. సున్నాకి దిగువన ఉన్నవాళ్ళందరికీ సున్నా వేసెయ్."

సున్నా వేశాను. ఆ విధంగా అరవై ఒక్క రైతు కుటుంబాలూ నా చేతిమీదుగా ఆ ఊళ్ళోకెల్లా నిరుపేదలయ్యాయి.

ఏప్రిల్ పదహారు, సోమవారం, పంచాయతీ ఆఫీసు ముందు సభ. జాబితా నేనే చదివాను, గట్టిగా, స్పష్టంగా, బడిలో పద్యం అప్పజెప్పినట్టు. ఇంటి నంబర్ల వరసన సున్నాలు. మొదటి స్థలం, కల్లం పెదనాన్నకి. ముప్పై ఎనిమిది స్థలాలూ రైతులకే. చివర, "ఆదాయం ఎక్కువైనందున అనర్హులు, ఒక్కరు" అని తొడిమలక్క పేరు చదివాను.  జనమంతా రేకుల కప్పు ఎగిరిపోయేలా నవ్వారు.

"ఓసోసి షావుకారమ్మా! మాకో వెయ్యి అప్పియ్యవే!"

"ఏవే, తొడిమల కింద బంగారం గాని దొరికిందా?"

ఆమె సిగ్గుపడింది. నిజంగానే సిగ్గుపడింది, పెళ్ళికూతుర్ని చేసినట్టు. "నేనేనా మన ఊళ్ళో పైన ఉండేది?" అని నన్ను అడిగింది. అంకెల ప్రకారం అవునన్నాను. అప్పుడు కల్లం పెదనాన్న లేచి, "ఇంకేం మరి! అంత ఆస్తిపరురాలికి నా కల్లంలో గుడిసెందుకు? వచ్చే నెల కల్లానికి సిమెంటు చేయిస్తన్నా. ఈలోపల ఎక్కడన్నా మేడ కట్టుకో" అన్నాడు. జనం మళ్ళీ నవ్వారు. ఆమె నవ్వలేదు. నా వైపు చూసింది. అందులో కోపం ఉంటే తట్టుకునేదాన్నేమో. లెక్క చెప్పమని మేస్త్రిని చూసినట్టు చూసింది.

అభ్యంతరాలకి గడువు ఏడు రోజులు. ఆ రాత్రి తిరిగి తిరిగి కూడాను. ఎక్కడైనా తప్పు దొరికితే బాగుండునని జీవితంలో మొదటిసారి కోరుకున్నాను. దొరకలేదు. నా లెక్క అంతా ఒప్పే. తప్పంతా అదే. తెల్లారాక మొదటి నంబరు ఇంటి పేజీ ఇంకోసారి చదువుతుంటే సొంత కూలి దగ్గర నా వేలు ఆగింది. పదిహేడో తేదీ మొదటి బస్సుకే వెళ్ళాను.

"అక్కా, నీ పెట్టుబడి చెప్పు."

"నాకేం పెట్టుబడి? రెండు చేతులు."

"వాటికి మేత ఎంతవుతుంది?"

పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. పెదనాన్న జత ఎద్దులకి ఎనిమిది రాయించాడు. నేను వీళ్ళిద్దరికీ కలిపి ఆరే రాశాను, ఏడాదికి రెండువేల నూట తొంభై. మంటలెత్తిన చేతులకి రాసుకునే నూనె ఎనభై నాలుగు. పనిలో చిరిగిన చీరలు నాలుగు, నూట ఎనభై. గుడిసె కప్పు రెండొందల నలభై. ఇక సొంత కూలి, నాలుగొందల అరవై తొమ్మిది రోజులు, పన్నెండు చొప్పున, ఐదువేల ఆరొందల ఇరవై ఎనిమిది.

"అదేందమ్మా, వచ్చిన కూలంతా ఖర్చు కింద రాశావు?"

"మీ ఊరి లెక్క అంతేనక్కా. మనిషి సొంతంగా పనిచేస్తే అది పెట్టుబడి."

ఆమె గోడ మీది గీతలకేసి చూసింది. "అంటే పనికి పోయినకొద్దీ నష్టమా?"

"ఆ లెక్కన అంతే."

"ఊరకే కూసుంటే?"

"నష్టం తగ్గుతుంది."

"ఓయమ్మో! అందుకా ఆయన అట్టా అరుగు దిగకుండా కూసునేది! నేనింకా బద్ధకమనుకుంటిని!" అని ఆడబిడ్డని పిలిచి మరీ చెప్పి, ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నేను కూడా నవ్వాను, కాని కూడడం ఆపలేదు. రెండువేల మూడొందల యాభై నాలుగు రూపాయల నష్టం తేలింది. నవ్వు ఆగాక ఆమె మొహం మారింది. "నష్టమని రాయమాకమ్మా. నేను రోజూ పనికి పోయినా, రోజూ కూలి తెచ్చుకున్నా. ఒకరి దగ్గర చెయ్యి చాచలా. నష్టంలో ఉండానంటే నాకు నామోషీ." మూడు సెంట్ల స్థలం కావాలంటే ఆ నామోషీ తప్పదని చెప్పడానికి నాకు గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో నేను చెప్పిన ఏ మాటా నాకే నచ్చలేదు. చివరికి ఆడబిడ్డ "వదినా, గుడిసె పీకితే ఆ గోడ కూడా పోద్ది, ఇంక గీతలెక్కడ గీస్తావు?" అంది. అప్పుడు వేలిముద్ర వేసింది.

సాయంత్రానికి మిగతా ముప్పై నాలుగు ఇళ్ళవాళ్ళూ నన్ను చుట్టుముట్టారు. "మా పెట్టుబడి కూడా రాయి తల్లీ!" బుధ, గురు, శుక్రవారాలు మూడు రోజులు కూర్చుని రాశాను. అందరూ నష్టంలోకి దిగారు, ఒక్కరూ మిగల్లేదు.

ఇరవై మూడో తేదీ, సోమవారం, సుమారుగారి ముందు విచారణ. కల్లం పెదనాన్న మొదటే లేచాడు. "ఇదెక్కడి అన్యాయమండీ! కూలోళ్ళకి సొంత కూలి పెట్టుబడి ఎట్టా అవుద్ది?"

నేను మొదటి పేజీ తెరిచి చదివాను. గట్టు మీద నిలబడిన రెండొందల రోజులు, పదిహేను చొప్పున. చుట్టలు కూడా చదివాను.

"ఇది తప్పంటే మీదీ తీసేస్తాను పెదనాన్నా. అప్పుడు మీ ఆదాయం మళ్ళీ మొదట్నుంచి రాసుకోవాలి. ఇంట్లో ఉన్న గోతాలు కూడా లెక్కపెట్టుకుని."

వెనక నుంచి ఎవడో అరిచాడు. "చెప్పు మామా! లాభమొచ్చిందని ఒక్క ముక్క చెప్పు!"

"నోరు ముయ్యరా!" అన్నాడు ఆయన, కూర్చుంటూ.

సుమారుగారు లెక్క చూసి మురిసిపోయారు. తొంభై ఆరు ఇళ్ళకీ సున్నాలే. "కూడిక తప్పే ప్రసక్తే లేదమ్మా! మరి అందరూ సమానమైతే ఎవరికిద్దాం? సుమారుగా ఇంటి నంబర్ల ప్రకారం పోదామా?"

"ఫారం వెనక పేజీ తిప్పండి సార్."

"వెనక పేజీ ఉందా దీనికి?"

ఉంది. నేను కూడా దాన్ని సరిగ్గా చదివింది ఆ వారంలోనే. భూమి ఎన్ని ఎకరాలో రాసే గడి అక్కడుంది. ఆదాయం సమానమైనప్పుడు భూమి లేనివాళ్ళకి ముందు, తక్కువున్నవాళ్ళకి ఆ తరవాత ఇవ్వాలని అడుగున చిన్న అక్షరాల్లో అచ్చేసి ఉంది. ముప్పై ఐదు స్థలాలు వాళ్ళకి, మిగిలిన మూడు ఎకరంలోపు రైతులకి. బయటికి వస్తుంటే కల్లం పెదనాన్న నన్ను ఆపి, "అమ్మాయ్, నువ్వు ఏ మిల్లులో గుమాస్తాగా చేరినా ముందు నాకు కబురు చెయ్యి. ఆ మిల్లుకి నా కాయలు వెయ్యను" అన్నాడు. నా ఉద్యోగ జీవితంలో అంతకన్నా మంచి యోగ్యతాపత్రం ఎవరూ ఇవ్వలేదు.

జనాభా నాలుగొందల ఏడు, ఆదాయం సున్నా అన్న ఆ కాగితం పైకి వెళ్ళింది. అక్కడి నుంచి ఇంకా పైకి వెళ్ళి ఉంటుంది. ఇంతమంది సున్నాతో ఎలా బతుకుతున్నారని ఎవరో ఒకరు అడుగుతారని ఎదురుచూశాను. జవాబు కూడా రాసి పెట్టుకున్నాను, పేజీన్నర. ఎవరూ అడగలేదు. అంకె పడి గడి నిండితే చాలు, అందులో ఏముందో ఎవరిక్కావాలి?

నా నాలుగు నెలలు ముగిసేముందు తొడిమలక్క దర్శి బస్సెక్కి ఆఫీసుకొచ్చింది. స్థలం చూసుకుందట, కొలిచిందట, అడుగు తక్కువుంటే పోట్లాడి సరిచేయించిందట. నేను పొంగిపోయాను. అయినా కదలదు. చీర కొంగు వేళ్ళకి చుట్టుకుంటూ నిలబడింది.

"ఆ కాయితం ఇస్తావా అమ్మా?"

"పట్టా ఇచ్చారుగా అక్కా?"

"అది కాదు. ముందు రాసింది. నేను అందరికన్నా పైన ఉన్న కాయితం."

చిత్తు రిజిస్టరులో నలభై మూడో పేజీ. ఎర్ర సిరాతో ఒక గీత కొట్టి ఉంది గాని, దాని కింద ఐదువేల తొమ్మిదొందల అరవై ఎనిమిది స్పష్టంగా కనిపిస్తోంది. ప్రభుత్వ రిజిస్టరులోంచి పేజీ చింపడం నేరం. ఆ మాట ఆమెకి చెప్పాలని నోరు తెరిచాను. తెరిచి, మూసి, పేజీ చింపి ఇచ్చాను. చదువు రాని మనిషి, దాన్ని తలకిందులుగా పట్టుకుని, నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది.

రిజిస్టరు అప్పగించేటప్పుడు సంజాయిషీ రాయాల్సి వచ్చింది. "నలభై మూడో పేజీని ఎలుక కొరికినందున..." అని రాశాను. అప్పటిదాకా నేను కాగితం మీద అబద్ధం రాయలేదు. సుమారుగారు చదివారు. రిజిస్టరు తెరిచి, చిరిగిన అంచుని వేలితో పైనుంచి కిందికి తడిమారు. నేను పేజీని స్కేలు పెట్టి చింపాను. ఇంకోలా చింపడం నాకు రాదు.

"ఈ ఎలుక బాగా చదువుకున్నట్టుందమ్మా" అని, సంజాయిషీ కింద సంతకం పెట్టేశారు.

అంత శుభ్రంగా అబద్ధమాడిన ఆ ఇరవై రెండేళ్ళ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నాకు ముద్దొస్తుంది. దగ్గరుంటే పిలిచి, ఒసేయ్, అంచులు కాస్త పళ్ళతో కొరకవే అని చెప్పేదాన్ని. వినేది కాదులెండి. పళ్ళగుర్తులు ఎన్ని ఉండాలని అడిగేది.